ఏడో వరుసలో టిక్కు

నా దగ్గర ఒక చీటీ ఉంది. అరచేతిలో ఇమిడేంత. నాలుగేళ్ళుగా గది మారినప్పుడల్లా దాన్ని వెంట తీసుకుపోతున్నాను. దోహాలో అల్ ముంతజా పేట గదిలో దిండు గలీబులో దాచాను. ఇప్పుడు దోహాకు దక్షిణాన మెసయీద్‌లో కంపెనీ క్వార్టర్స్‌లో, నా సర్టిఫికెట్ల ఫైలులో ఉంది. పారేయలేను. ఎవరికీ చూపించలేను. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలననిపిస్తోంది. నా పేరు మాత్రం రాయను. ఆ ధైర్యం ఇంకా రాలేదు.

వరుసగా రాస్తాను. తప్పు ఏ వరుసలో ఉందో అప్పుడైనా తేలుతుందేమో.

మెకానికల్ డిప్లొమా చదివి, ఇరవై మూడో ఏట దోహాలో ఒక గ్యారేజీలో చేరాను. అక్కడ అందరూ చేతులతో పని నేర్చినవాళ్ళు. నేనొక్కణ్ణే పుస్తకంతో వచ్చాను. ఏ పనికైనా ముందు జాబితా రాసేవాణ్ణి. మొదట నవ్వారు. తర్వాత ఫోర్‌మన్ ఒకసారి నలుగురిలో, ఈ కుర్రాడు జాబితా రాసి చేసిన బండి మళ్ళీ వెనక్కి రాదు అన్నాడు. ఆ మాట నా తలకెక్కిందా? ఎక్కే ఉంటుంది.

ఓబులేసు కడప జిల్లావాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒక ఖతరీ ఇంట్లో డ్రైవర్. ఆ ఇంటి యజమానికి, అంటే ఇక్కడ పనివాళ్ళం పిలిచే మాటలో అర్బాబ్‌కి, ఒక పెద్ద పెట్రోలు పికప్, ఒక పడవ ఉండేవి. ప్రతి శుక్రవారం ఓబులేసు పడవను ట్రైలర్ మీద కట్టి, పికప్‌తో ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దాకా లాక్కెళ్ళి, ఆ తీరంలో సముద్రంలోకి దించాలి. పికప్ సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. కొత్తది ఎలాంటిది వెయ్యాలో తేల్చే పని ఫోర్‌మన్ నాకు వదిలేశాడు.

రెండు రోజులు కాగితం మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో విషయం రాసుకుని ఆలోచించాను. పొగ పైపు లావు ఎంత? మరీ లావైతే చప్పుడు బాగుంటుంది గాని బరువుతో కదిలేటప్పుడు లాగే బలం తగ్గుతుంది. ఒక పైపా, రెండా? రెండైతే ట్రైలర్ తగిలించే కొక్కేనికి అడ్డం. పైపు ఎక్కడ ముగియాలి? మామూలుగా బండి వెనక దాకా పోవాలి. కానీ పడవ దించేటప్పుడు బండిని వాలు మీద వెనక్కి నీళ్ళలోకి నడుపుతారు. పైపు మూతి ఉప్పునీళ్ళలో మునుగుతుంది. పాతది పాడైంది అందుకే. కాబట్టి వెనక చక్రాలకు ముందే, బండి కిందే పైపును ఆపేశాను. ఇంత తెలివి ఎవరికి తడుతుంది అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇప్పటికీ అది తెలివైన ఆలోచనేనని ఒక్కోసారి అనిపిస్తుంది.

బండి అప్పగించేటప్పుడు ఓబులేసుకు తెలుగులో ఒక చీటీ రాసిచ్చాను. పడవ లాగేటప్పుడు పాటించాల్సినవి అయిదు. మూడోది: ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపాలి. నాలుగోది: పక్క అద్దాలు దించితే ఇసుక కొడుతుంది, సీటు వెనక ఉన్న చిన్న జారుడు అద్దం తెరుచుకోవాలి.

"ఏందబ్బీ, ఇంజను సల్లగుండల్ల, నేను మాత్రం ఉడకల్లనా?" అని నవ్వాడు.

"దారిలో ఇంజను ఆగిపోతే ఇంకా ఉడుకుతావన్నా."

"సరేలే. సదువుకున్నోడివి. నువ్వు రాసినావంటే నాకది బెమ్మరాతే." చీటీని ముందు అద్దం పైన, ఎండకు అడ్డంగా దించుకునే మడత అట్టకు రబ్బరుబ్యాండు వేసి బిగించాడు.

మూడోది తప్పు కాదు. నాలుగోది తప్పు కాదు. పైపును అక్కడ ఆపడానికీ కారణం ఉంది. కానీ బండి పరుగెడుతుంటే క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతుంది. బండి కింద వదిలిన పొగ ఆ సుడిలో పైకి లేచి, నేను తెరవమన్న అద్దంలోంచి లోపలికి వస్తుంది. ఆ పొగలో వాసన లేని ఒక వాయువు ఉంటుంది. తల దిమ్మెక్కుతుంది, కళ్ళు మసకబారుతాయి, మనిషి తూలిపోతాడు. ఇది నా పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా. మరి గళ్ళు గీసిన రోజు ఎందుకు గుర్తు రాలేదు? ఇంజనుకు గడి ఉంది, ఉప్పునీటికి గడి ఉంది, సీట్లో కూర్చునే మనిషికి లేదు.

మొదటి రెండు శుక్రవారాలు ఏమీ కాలేదు. తలనొప్పిగా ఉందని ఓబులేసు ఒకసారి అన్నాడు. ఎండ అన్నాను. మూడో శుక్రవారం, ఒంటరిగా పోతుండగా, వంకరలేని రోడ్డు మీద బండి మెల్లగా పక్కకు జరిగి ఇసుకలోకి దిగిపోయింది. ట్రైలర్ తిరగబడింది. పడవ పగిలింది. ఓబులేసు ఎడమ మణికట్టు విరిగింది.

బండిని మా గ్యారేజీకే తెచ్చారు. అర్బాబ్ తమ్ముడు వచ్చి, లోపం బండిలో ఉందా మనిషిలో ఉందా, కాగితం మీద రాసివ్వమన్నాడు. మనిషిలో ఉంటే ఊరికి పంపేస్తాం అన్నాడు. ఆ కాగితం నింపాల్సింది నేను. పది వరుసల తనిఖీ పత్రం, నేనే తయారు చేసింది.

తలుపు తీశాను. ఏసీ మీట ఆపి ఉంది. వెనక అద్దం తెరిచి ఉంది. ఎండ అట్టకు నా చీటీ ఉంది. చెప్పింది చెప్పినట్టు చేశాడు. చీటీ తీసి జేబులో పెట్టుకున్నాను. అద్దం మూసేశాను. పత్రం నింపడం మొదలుపెట్టాను. బ్రేకులు, టిక్కు. టైర్లు, టిక్కు. స్టీరింగు, టిక్కు. ఏడో వరుస సైలెన్సర్. టిక్కు పెట్టాను. అదీ మిగతా వాటిలాగే చక్కగా పడింది. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పేద్దామనా, ఆయనకేం తెలుసో చూద్దామనా?

"అబ్బీ, నాకు నిద్ర రాలా," అన్నాడు చూడగానే. "పద్దెనిమిదేండ్లు లారీ తోలినోణ్ణి, నిద్రెట్లుంటాదో నాకు తెల్దా? తలకాయ బరువెక్కె. రోడ్డు రెండుగా కనపడె. చేతులు నాయి గానట్టుండె. బండి నువ్వే సూసినావంట గదా. ఏమన్నా ఉండాదా అందులో? నువ్వు ఉండాదంటే ఉండాది, లేదంటే లేదు."

"బండిలో ఏమీ లేదన్నా."

కట్టు కట్టిన చెయ్యి దిండు మీదికి జరుపుకున్నాడు. "అట్లయితే నిద్రే పోయుంటాలే," అన్నాడు. మళ్ళీ తనే, "నువ్విచ్చిన సీటీ ఆ గలాటాలో యాడో పడిపోయినట్టుంది. ఇంకోటి రాసియ్యబ్బీ. మళ్ళా బండెక్కితే కావల్ల."

రాసిస్తానన్నాను. ఆ చీటీ అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

పది రోజుల్లో ఆయన్ను ఊరికి పంపేశారు. అదే వారం పికప్ మరమ్మతు చేస్తూ, పైపు వంగిపోయిందని ఫోర్‌మన్‌తో చెప్పి, ఒక ముక్క అతికి బండి వెనక దాకా సాగదీశాను.

ఇక్కడే నా బుర్ర తిరిగిపోతుంది. పొగే కారణమని నమ్మకపోతే పైపు ఎందుకు సాగదీశాను? నమ్మితే టిక్కు ఎందుకు పెట్టాను? నిజంగా నిద్రే పోయాడేమో. మొదటి రెండు వారాలు ఏమీ కాలేదు కదా. గాలి అటు వీచి ఉంటే? ఇటు వీచి ఉంటే? నాలుగేళ్ళుగా ఈ లెక్క తేలడం లేదు. కారణం తేలలేదని రాసినా ఆయనకు సరిపోయేది. బండిలో లోపం లేదని తేల్చి రాశాను.

ఆయన ఊరి మనిషి ఒకడు పోయిన నెల ఇక్కడ కలిశాడు. ఓబులేసు మళ్ళీ స్టీరింగు పట్టలేదట. లారీ వాళ్ళు పిలిచినా, నేను నిద్రపోయేవాణ్ణి నాయనా, వద్దంటాడట. బస్సెక్కితే డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, అతను కునుకు తీయకుండా దారంతా మాట్లాడిస్తూనే ఉంటాడట. అందరూ నవ్వుతారని చెప్పి అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాను, ఏం చెయ్యను?

ఓబులేసుకు ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ఓబులేసన్నకు అని రాసి ఆగిపోతాను. పంపుతానో లేదో తెలియదు. పంపితే ఆయనకు తన మీద నమ్మకం తిరిగి వస్తుందా, ఉన్న నిద్రా పోతుందా? అదీ తెలియదు. తెలిసింది ఒక్కటే, అది ఇక్కడ రాస్తున్నాను.

వరుస ఏడు. సైలెన్సర్. సరిగా లేదు. ఎంచినవాణ్ణి నేనే, తనిఖీ చేసినవాణ్ణీ నేనే.