తలకిందుల కలబంద

మొన్న నంద్యాల నర్సరీలో కలబంద కుండీ కొంటే, "నీళ్లు శానా పోయాకండి మేడమ్" అన్నాడు అమ్మే అబ్బాయి. నాకు నవ్వొచ్చింది.

డెబ్బైల్లో, ఆళ్లగడ్డలో మా అవ్వ దిష్టి తగలకుండా గుమ్మానికి కలబందను తలకిందులుగా కట్టింది. బడిలో మాకు గోడకుర్చీ వేయించినట్టు దానికీ ఎవరో శిక్ష వేశారనుకున్నాను. జాలేసి, అవ్వ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు రోజూ స్టూలెక్కి దాని వేళ్ల మీద గ్లాసెడు నీళ్లు పోసేదాన్ని. పదిహేను రోజులకు అది కుళ్లి, నాయన భుజం మీద మెత్తగా ఊడిపడింది.

అవ్వ నా తడి గౌను చూసింది, తిట్టలేదు. "అది ఆకుల్లోనే నీళ్లు దాచుకోనుంటాది. నువ్వు దాని జోలికి పోవాకు" అని ఇంకొకటి కట్టింది.

అది అట్లే వేలాడుతూ, మరుసటేడు పైకి వంపు తిరిగి పూసింది. నా జాలికి దొరక్కుండా బతికిన మొక్క అదొక్కటే.