మంత్రాలకీ వంతులు పెట్టిన లస్కరు

ఇంట్లో ఆడపిల్ల మాట చెల్లాలంటే ఆ రోజుల్లో రెండే దార్లు. పెళ్లయి పుట్టింటికి చుట్టపుచూపుగా రావాలి, లేదా ఏకంగా నాయనమ్మ అయిపోవాలి. నేను ఆ రెంటికీ మధ్యలో ఇరుక్కున్నదాన్ని. డిగ్రీ అయిపోయి, బీఎడ్ సీటు రాక, ఉప్పలగుప్తం దగ్గర మా పల్లెలో ఇంటిపట్టున కూర్చున్నాను. కూరలో ఉప్పు ఎంతో అమ్మ చెప్పాలి, టీవీలో ఏం చూడాలో తమ్ముడు చెప్పాలి. ఏ చీర కట్టుకోవాలో నాయనమ్మ సరేసరి. అలాంటి నాకు, మస్కట్ నుంచి సెలవుకి వచ్చిన పెదనాన్నగారబ్బాయి ఒక పెట్టె తెచ్చిచ్చాడు. "రూములో నాతో ఉన్నాయన వదిలేసి పోయేడు చెల్లీ. నీకు ఇంగ్లీషు వచ్చు కదా అని తెచ్చేను" అన్నాడు. అందులో దిండంత పుస్తకం, దాని అట్ట మీద రెక్కల పాము, ఒక సంచీ నిండా వింత పాచికలు. ఒకదానికైతే ఇరవై ముఖాలు. (నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పచ్చీసుకి పనికిరాదని తేల్చేసింది.)

అది నోటితో ఆడే ఆట. బల్లా లేదు, గళ్ళూ లేవు. ఒకరు కథ చెబుతారు. "గుహలోకి వచ్చారు, ఎదురుగా రాక్షసుడున్నాడు, ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్లు తలో వేషం ఎంచుకుని, ఇదిగో ఇలా చేస్తాం అంటారు. చెయ్యగలిగారో లేదో పాచిక చెబుతుంది. ఎక్కడైనా తేడా వస్తే కథ చెప్పే మనిషి మాటే ఆఖరు అని పుస్తకంలో రాసుంది. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు. భూమ్మీద నా మాట ఆఖరయ్యే చోటు ఒకటి ఉందన్నమాట!

ఆడటానికి ముగ్గురు దొరికారు. ఇంటర్ చదువుతూ ఆదివారాలు అమలాపురం నుంచి వచ్చే నా తమ్ముడు మాంత్రికుడి వేషం పుచ్చుకున్నాడు. పరీక్షల పుస్తకం ఏనాడూ తెరవనివాడు ఈ పుస్తకాన్ని మాత్రం నమిలి మింగేశాడు. రెండోది నా స్నేహితురాలు, హెడ్మాస్టారమ్మాయి. చర్చి అవగానే సైకిలెక్కి వచ్చేది. ప్రార్థనతో గాయాలు మాన్పే వేషం తీసుకుంది. మూడోవాడు మా మేనత్త కొడుకు, బావ. ఊళ్లో చెట్లెక్కించి కొబ్బరికాయల దింపులన్నీ తనే దగ్గరుండి చేయించేవాడు. "నాకు చదివేవి వద్దు, కత్తి ఇచ్చెయ్" అన్నాడు, ఇచ్చేశాను. మేం ఆడేది కూడా అత్తయ్యవాళ్ల కొబ్బరి కొట్లోనే, కురిడీ కోసం కొబ్బరికాయలు ఎండే అటక కింద. తాళం బావ చేతిలో ఉండేది. బావ ఉన్నాడన్న ధైర్యంతోనే అమ్మ మమ్మల్ని అక్కడ కూర్చోనిచ్చేది. అంటే బావ లేకపోతే కొట్టూ లేదు, ఆటా లేదు, నా మాట చెల్లే చోటూ లేదు.

మొదట్లో అంతా బాగానే సాగింది. మాంత్రికుడికి రోజుకి ఒకటే మంత్రం. అది కాస్తా అయిపోతే పిల్లి గీరినా చచ్చేలా ఉండేవాడు, బావే వాడిని భుజాన మోసుకు తిరిగేవాడు. కానీ గెలిచినకొద్దీ వేషాలకి బలం పెరగాలని ఆ పుస్తకం రాసిన మహానుభావులు నియమం పెట్టారు. తమ్ముడికి అగ్గి మంత్రం వచ్చింది, ఎగరడం వచ్చింది, మాయమవడమూ వచ్చింది. హెడ్మాస్టారమ్మాయి తక్కువ తిందా? ప్రార్థన చేసుకుని బావ కంటే గట్టిగా తనే కొట్టడం మొదలెట్టింది. బావకి మాత్రం ఏం వచ్చింది? ఇదివరకు కత్తితో ఒకసారి కొట్టేవాడు, ఇప్పుడు రెండుసార్లు కొట్టొచ్చు. అంతే! రాసినవాళ్లు కనబడితే జుట్టు పట్టుకుని అడుగుదామనిపించింది.

సరే, ఆఖరి మాట నాదే కదా అని సరిచెయ్యబోయాను. రోజుకి ఇన్ని మంత్రాలే అని గట్టిగా లెక్క పెట్టాను. గుహలోకి అడుగుపెట్టిన మొదటి గొడవలోనే ఇద్దరూ ఉన్నవన్నీ గుమ్మరించేశారు. "అయిపోయేయక్కా, ఇంక పడుకుంటాం. నిద్రపోయి లేస్తేగానీ మళ్ళీ రావు" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడే కదరా లేచి బయల్దేరారు! మొహాలైనా ఆరలేదు!"

"పుస్తకంలో అలాగే ఉంది మరి."

"నాకూ అయిపోయేయే, పడుకోవడమే మంచిది" అంది హెడ్మాస్టారమ్మాయి, పక్క వేసేసినట్టే.

"మీరు పడుకోండి. నేను కాపలా కాస్తాన్లెండి" అన్నాడు బావ. ఆట మొత్తం మీద వాళ్లు నిద్రపోయిందే ఎక్కువ, బావ కాపలా కాసిందే ఎక్కువ. ఇలా కాదని, గబ్బిలం పెంట చేతిలో ఉంటేనే అగ్గి మంత్రం పలుకుతుందన్నాను. "గుహ నిండా గబ్బిలాలున్నాయని ఇందాక నువ్వే చెప్పేవు కదక్కా" అన్నాడు వెధవ. (చెప్పాను. వర్ణన బాగుంటుందని చెప్పాను. నా నోరే నా కొంప ముంచింది.) పోనీ బావకి మంచి కత్తి దొరికేట్టు చేద్దామని చూస్తే, "నాకెందుకు? చెల్లెమ్మగారికి ఇవ్వండి, బాగా కొడతన్నారు" అని దాన్ని హెడ్మాస్టారమ్మాయి చేతిలో పెట్టేశాడు.

అలా దానం చేసిన మనిషే, ఆట అయ్యాక తాళం వేస్తూ, "మరదలా, ఏవనుకోకు. ఆళ్ళు ఎగురుతున్నారు, మాయమైపోతున్నారు. నేను గుమ్మం దగ్గర కర్రలా నించుంటన్నాను. ఇంకొక్క ఆదివారం చూసి మానేస్తాను. దింపు పనులు కూడా ఉన్నాయి" అన్నాడు. ఆ వారమంతా అన్నం సయించలేదంటే నమ్మండి. అమ్మేమో ఏదో సంబంధం తప్పిపోయినందుకు దిగులనుకుని, నెత్తిన నూనె పెట్టి ఓదార్చింది.

అది దాళ్వా, అంటే రెండో పంట సీజను. మా పొలం కాలవకి శివారున, నీళ్లు అందరికంటే ఆఖరున అందే చోట ఉంటుంది. నాన్నగారు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఎగువోళ్ళు తూములెత్తేసుకుంటే మనకి చుక్క రాలేదు. ఇయ్యాళ్టినించి వంతులు పెట్టేరు. లస్కరు దగ్గరుండి ముందు శివారు తడిపించేకే ఎగువకి వదుల్తాడంట" అన్నారు. (లస్కరంటే కాలవ తూములు ఎత్తీ దించే ఇరిగేషన్ మనిషి. వంతుల రోజుల్లో ఊళ్లో అతనికున్న మర్యాద పెళ్లికొడుక్కి కూడా ఉండదు.) నేను పీట మీంచి లేచిపోయాను. ఓసి నా తెలివి తగలెయ్యా, ఇన్నాళ్లూ నాకు ఇది తట్టలేదేం!

ఆదివారం కొట్లో చాప మీద కూర్చుని కొత్త నియమం ప్రకటించాను. "ఇకనించి ఎవరి మంత్రాలు వాళ్లవి కాదు. మంత్రాలకి అందరికీ కలిపి ఒకటే కాలవ. పడుకుంటే అందులోకి నీళ్లు రావు. బావ కత్తి దెబ్బ తగిలితేనే వస్తాయి. వచ్చినవి ముందు శివారుకి, అంటే బావకి. బావ తన కత్తికి మంట పెట్టుకుంటాడో ఇంకేం చేసుకుంటాడో అతనిష్టం. అతను తడిశాకే మీకు." తమ్ముడు గింజుకున్నాడు. "ఆయ్, లస్కరు గారు చెప్పేక తప్పుద్దా" అన్నాడు బావ. ఆ పేరు ఆ క్షణాన అంటుకుంది, ఈ రోజుకీ ఊడలేదు.

రెక్కల పాము ఎదురైంది. బావ కొట్టాడు, దెబ్బ తగిలింది, కాలవకి నీళ్లొచ్చాయి. నేను సంబరంగా, "నీ వంతు బావా, తీసుకో!" అన్నాను.

"వాళ్ళని కానివ్వు. ఇంటోళ్ళం, మనకేం తొందర? చివరి బంతిలో కూర్చుందాం" అన్నాడు.

మా వైపు పెళ్లిళ్లు తెలిసినవాళ్లకి ఈ జబ్బు చెప్పక్కర్లేదు. ఇంటివాళ్లు భుజాన తువ్వాలేసుకుని బంతి బంతికీ వడ్డించి, అందరూ లేచాక అడుగున మిగిలిన పులిహోర తిని, అదే పెద్ద ఘనతగా చెప్పుకుంటారు. మొదటి బంతిలో కూర్చున్న ఇంటివాడిని పదేళ్ల తర్వాత కూడా ఆడిపోసుకుంటారు. బావ అందులో ఆరితేరినవాడు.

"ఇది పెళ్లి కాదు బావా, యుద్ధం!"

"యుద్ధమైతే మాత్రం మర్యాదుండద్దా?"

అది విని హెడ్మాస్టారమ్మాయికీ సిగ్గేసింది కాబోలు, "అబ్బే, ముందు మీరు కానివ్వండి అన్నయ్యగారూ" అంది. "లేదు లేదు, మీరు కానివ్వండి చెల్లెమ్మగారూ" అన్నాడు బావ. "పోనీ తమ్ముడుగారిని కానివ్వమనండి" అందామె. పాము నోరు తెరుచుకుని ఎంతసేపు నిలబడుతుంది చెప్పండి! నాకు ఒళ్లు మండిపోయి పాచిక విసిరాను. పాము నిప్పులు కక్కింది. అందరికంటే ముందు నించున్న బావ పడిపోయాడు. కాలవలో ఇంకొక్క మంత్రానికి సరిపడా నీళ్లున్నాయి, అంతే.

"పడిపోయేను కదా, ఇంక నాకు పనేముంది" అని బావ తువ్వాలు దులిపి లేచాడు. "తాళం గూట్లో పెట్టెయ్యండి" అంటూ గుమ్మం దగ్గర చెప్పుల్లో కాలు పెట్టాడు. అప్పటికే బావ దెబ్బకి పాము కూడా చావుకి దగ్గరగా ఉంది. తమ్ముడు ఆ మిగిలిన నీళ్లతో పెద్ద అగ్గి మంత్రం వేస్తే అది చచ్చేదే, పేరంతా వాడికే వచ్చేది. వాడు పాము వంకా బావ వంకా చూశాడు.

"ఉండు బావా. అక్కా, ఆ నీళ్ళు నాకొద్దు. బావని లేపమను."

హెడ్మాస్టారమ్మాయి వెంటనే నిజంగానే కళ్లు మూసుకుంది. తెరిచి, "లేవండి అన్నయ్యగారూ, లేపేను. మీరు కొట్టకపోతే మాకింక కాలవ లేదు" అంది.

బావ ఒక కాలు చెప్పులో, ఒక కాలు నేల మీదా పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేను కొట్టాలా?" అన్నాడు, ఆ మాట జన్మలో మొదటిసారి విన్నట్టు. వచ్చి కూర్చున్నాడు. పాచికని గుప్పిట్లో ఊపి ఊపి విసిరాడు. అది చాప దాటి, కొబ్బరి పీచు డొక్కల గుట్టలోకి దొర్లిపోయింది. నలుగురం బోర్లా పడుకుని వెతికితే, రెండు డొక్కల మధ్య ఏటవాలుగా ఇరుక్కుని కనిపించింది. పైకి ఏ ముఖం ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మూడు తలలూ నా వైపు తిరిగాయి.

"తగిలింది" అన్నాను. "పాము చచ్చింది."

అన్ని నియమాలూ కంఠతా వచ్చిన నా తమ్ముడు నోరు తెరిచాడు. బావ మొహం చూసి మూసేసుకున్నాడు. బావ దాళ్వా కోతల దాకా ఒక్క ఆదివారం మానలేదు. ఆ తర్వాత తమ్ముడు ఇంటరయ్యి దూరపు హాస్టలుకి పోయాడు, నాకు సీటొచ్చింది, ఆట ఆగిపోయింది.

ఇప్పుడు నేను రాజోలు వైపు ఒక బళ్లో టీచర్ని. టైంటేబుల్ వెయ్యడం నా నెత్తిన పడింది. లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు పీరియడ్లన్నీ పంచేసుకుంటారు, డ్రిల్లు మాస్టారు వరండాలో విజిల్ తిప్పుకుంటూ కూర్చుంటారు. మొన్న నేను పట్టుబట్టి ఆయనకి పొద్దున్నే పీరియడ్ వేశాను. ఆయన వచ్చి చేతులు నలుపుకుంటూ, "ఎందుకండీ మేడమ్ గారూ, ముందు లెక్కలోళ్ళని కానివ్వండి. మనం చివర్న చూసుకుందాం" అన్నారు. "ఇది పెళ్లి కాదండీ!" అని అరిచేశాను. స్టాఫ్ రూమంతా ఉలిక్కిపడింది.

ఇంటికొచ్చి, వంటయ్యాక, వడ్డనల మధ్యలో బావకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఏంటండీ లస్కరు గారూ, ఇంకా వంతులు పెడతానే ఉన్నారా?" అని నవ్వి, "సర్లే గానీ, అన్నం తిన్నావా?" అన్నాడు.

"ఇంకా లేదు బావా. మా అత్తగారిది అవ్వాలి, పిల్లలు తిన్నారు, ఆయన తింటున్నారు. నాకేం తొందర..." అన్నాను.

బావ, "మరదలా, కంచం పెట్టుకో. ముందు శివారు తడవాలి" అన్నాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఫోన్ పెట్టేసి, అందరూ చూస్తుండగానే వెళ్లి మా ఆయన పక్కన కూర్చుని కంచం పెట్టుకున్నాను.