వంటింటి సున్నపు గోడ

గురజాల పక్కన మా ఊళ్లో గునపంతో రెండు దెబ్బలు వేస్తే సున్నపురాయి తగులుతుంది. దాన్ని కాల్చే సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడీపడీ మా ఇంట్లో పెరుగు తోడుకోవడం మానేసి రాయిలా గడ్డకట్టడం మొదలుపెట్టింది. సిమెంటు లేకుండా కూడా కట్టొచ్చని ఫోనులో చూసిన రోజు నుంచి భూగోళాన్ని కాపాడే బరువంతా నా నెత్తినే ఉంది. కూలిన వంటింటి గోడని సున్నంతోనే లేపిస్తానని శపథం చేశాను.

ఆ పని తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు, మా వీధి చివర ముసలి మేస్త్రి. అందరికీ పెదనాన్నే.

"ఈ గోడ నిలబడితే కిరాణాకొట్టాయన గోడౌను కూడా సున్నంతోనే కట్టిస్తానన్నాడురా. పోయేలోగా ఇద్దరికైనా పని నేర్పుతా," అన్నాడు.

సున్నం గుంటలో నానబెట్టి, ఇసుక, ఇటుకపొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసి తొక్కించాడు. ఆ వాసనకు మాచర్ల చీమలు కూడా బస్సెక్కి వచ్చాయి.

"ఏందయ్యా ఇది, గోడ కడతన్నారా, అరిసెలు వండుతన్నారా?" అంది మా ఆవిడ.

"నెల్లాళ్లు తడిగోనెలు కప్పి ఉంచమ్మా. దాని జోలికి పోబాకండి," అన్నాడు పెదనాన్న, గోడ లేపడం అయ్యాక.

తొమ్మిదో రోజు మేం నరసరావుపేటలో పెళ్లికి వెళ్లాం. ఇంటికి కాపలా ఉన్న మా బావమరిది గోడకు మేకు గుచ్చి చూశాడు. హల్వాలోకి దిగినట్టు దిగిందట. అక్క మీద కూలుతుందని హడలిపోయి, కూలీలను పిలిచి రెండు వైపులా సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టించేశాడు.

"సూడు బావా, ఇప్పుడు ఏనుగు గుద్దినా కదలదు!"

పెదనాన్న వచ్చి గోడను అరచేత్తో తడిమాడు.

"గాలి తగిల్తేనే గదరా సున్నం గట్టిపడేది. గోనెలైతే గాలి ఆడతది, నువ్వు సిమెంటుతో మూతేశావు."

"పీకేద్దామా?" అన్నాను.

"లోపల పచ్చి గోడరా. ప్లాస్టరింగుతోపాటు గోడా ఊడొస్తది."

వానలకు గోడ పొట్ట ఉబ్బింది. ఒక మధ్యాహ్నం ఎవరి మీదా పడకుండా పెరట్లోకి ఒరిగింది. అంత మర్యాదగల గోడను నేనెక్కడా చూడలేదు. ఊరంతా వచ్చి సున్నాన్ని తిట్టింది. జరిగింది చెప్పబోయాను. నా మాటల్లో ముప్పాతిక కొట్టేసి వినడం వాళ్లకు అలవాటు; ఈసారి మొత్తం కొట్టేసి నవ్వారు.

"గోడౌను సిమెంటుతోనే కానిద్దాంలే పెదనాన్నా," అన్నాడు కొట్టాయన.

కొత్త సిమెంటు గోడ కట్టడానికి పెదనాన్నే వచ్చాడు. వేరే పని లేదు మరి. నూలు పట్టినట్టు తిన్నగా లేచింది గోడ.

"పనంటే ఇదీ!" అని దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు.