నాది ఏ రకం గాభరా?

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకూ నా గుండెకూ బొత్తిగా పడేది కాదు. మేట్టుపాళయంలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని. మేనేజరు పిలిస్తే చాలు, చేతులు చల్లబడేవి. ఒకరోజు మీటింగులో నా వంతు రాకముందే ఊపిరాడలేదు, గుండె దడదడలాడింది. చచ్చిపోతున్నానని ఖాయం చేసుకుని బయటికి పరుగెత్తాను. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, డాక్టరు "గుండెకేం లేదమ్మా, ఇది ఆందోళనలా ఉంది. కౌన్సెలరును కలవండి" అన్నాడు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. (మరి అంతసేపూ కొట్టుకున్నది ఎవరి గుండె అని అడగబోయి మానేశాను.)

ఉప్పళంలో మా ఇంట్లో అందరూ డాక్టర్లే. బాబాయి గ్యాస్ అని సోడా తెచ్చాడు. పిన్ని "గుండె బాగుంటే ఇంకేందే? సుమ్మా, ఊరికినే బయపడతా ఉండావు" అంటూ దిష్టి తీసింది. నేను ఫోనులో వెతికాను. ఉన్నట్టుండి ముంచుకొచ్చేది, నలుగురిలో ఉంటే వచ్చేది, రోజంతా ఏదో ఒకటి తవ్వుకునేది, ఇలా ఎన్ని రకాలు చదివితే అన్నీ నావే అనిపించాయి. ఈలోగా ఆఫీసు మానేశాను, తర్వాత బస్సెక్కడం, చివరికి వీధి చివర కొట్టుకెళ్ళడం కూడా. అది చూసి పిన్నికే భయమేసి, లాస్‌పేటలో ఉన్న కౌన్సెలరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"మేడమ్, నాది ఏ రకం?" అన్నాను, కూర్చోకముందే.

"అది మెల్లిగా చూద్దాం పాపా. దీనివల్ల ఏమేం మానుకున్నావో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఆఫీసు, బస్సు, నిద్ర, అన్నం, స్నేహితురాలి పెళ్ళి... నా మాటలు నాకే వినపడి మధ్యలో ఆగిపోయాను.

"భయం అందరికీ ఉంటుంది. అది నీ రోజుల్ని ఇట్లా మింగేస్తుంటే మాత్రం ఇక్కడికి రావాల్సిందే," అందామె.

పిన్ని కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేనూ ఒకటి అడగాల మేడమ్. మా ఇంటాయన బండి కాస్త ఆలస్యమైతే వీధి గుమ్మం వదిలి లోపలికి రాలేను. పొద్దున లేస్తే ఇంకో దిగులు. చానా ఏండ్లయింది. అది యాడ చూపించుకోవాల?"

తను నవ్వించడానికి అడగలేదు. పిన్ని తన కోసం ఒకరిని అలా అడగడం నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇద్దరం కలిసే వెళ్ళాం. తను లోపల ఉంటే నేను బయట, నేను లోపలుంటే తను బయట. నేను మళ్ళీ పనిలో చేరడానికి చాలా రోజులు పట్టింది. మొదటి వారం పిన్నే గేటు దాకా వచ్చి దింపింది. ఇప్పటికీ గాభరా వస్తుంది, కాసేపుండి పోతుంది. తన రకమేదో తెలియక ఫోను పట్టుకుని బిక్కమొహంతో కూర్చున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, లేచి పద, నేనూ వస్తాను అనాలనీ ఉంటుంది.