కుడి గేటు

తప్పిపోవడం కూడా ఒక ఉద్యోగమేనా అన్నది రెజీనాకు ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి రోజమ్మ మంచం పడితే బడి మానేసింది, మళ్ళీ వెళ్ళలేదు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు గానీ, చూపు దేన్నీ వదలదు.

న్యూ టౌన్ అవతల కొత్త స్టేడియంలో రకరకాల దేశాల ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు జరగబోతున్నాయి. అక్కడ దారి చూపే బోర్డులు బిగించే మేస్త్రీ ఆమె చినాన్న మరియదాసు. బోర్డుల మీద రంగులు, అక్షరాలు, బొమ్మలు అందరూ దిది, అంటే అక్క, అని పిలిచే బెంగాలీ ఆవిడ ఈశానీవి. పోటీల గుర్తు లకుముకి పిట్ట. ప్రతి బోర్డు మీదా ఆ పిట్ట ముక్కు ఎటుంటే అటు నడవాలి.

"బోర్డులు సరిగ్గా దారి చూపుతున్నాయో లేదో తేలాలంటే, ఎవర్నీ అడక్కుండా, వాటిని చూసుకునే నడిచే మనిషి కావాలి" అంది దిది.

"మా అన్న కూతురుంది. అడగమన్నా అడగదు" అన్నాడు మరియదాసు.

ఒకసారి నడిపించి చూసి, పనికొస్తే పోటీలయ్యే దాకా ఉంచుకుంటానంది దిది. లేదంటే మళ్ళీ ఇంట్లో ఆ రెండు గదులే. ఇల్లు దాటడానికి రెజీనాకు దొరికిన మొదటి సాకు ఇది.

ఆ పొద్దున రోజమ్మ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "బస్సు దిగాక కుడేపుకి తిరుగు. కుడి! అన్నం తినే సెయ్యి, మరిసిపోకు."

దారంతా ఆ మాటే జపించుకుంటూ వచ్చింది. స్టేడియం ముందు దిది ఫోను చెవిన పెట్టుకునే, "ఆజ్ కుడి, రెజీనా. కుడి!" అని చెయ్యూపి పంపేసింది.

రెజీనా కుడివైపు తిరిగింది. తర్వాతి మలుపులోనూ కుడే. పిట్ట ముక్కు అటు చూపిస్తోంది, తను ఇటు పోతోంది. బోర్డు మాట వింటుందో, దిది మాట వింటుందో చూడాలని ఇదో పరీక్ష కాబోలు అనుకుంది. జీతమిచ్చేది దిది. మళ్ళీ కుడికే తిరిగింది. గుండ్రటి స్టేడియం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బయల్దేరిన చోటే దిది ఎదురుగా తేలింది.

దిది ముఖం పాలిపోయింది. "బోర్డులు మనిషిని గానుగెద్దులా తిప్పుతున్నాయి! మరియదాసు దాదా, మలుపుల్లోవన్నీ దింపేయండి."

నిచ్చెన మీద నుంచి మరియదాసు తెలుగులో లంకించుకున్నాడు. "ఏటే రెజీనా! నా బోర్డులు నీకేటి అపకారం సేసాయే? మెడ పట్టేసేలా బిగించాను కదే!"

"కుడి నంబరు గేటుకి పొమ్మంటే ఇక్కడికెలా వచ్చావు?" అంది దిది.

నంబరు అన్న మాట చెవిన పడగానే రెజీనాకు తన పొరపాటు తెలిసింది. బెంగాలీలో కుడి అంటే ఇరవై. బజారులో గుడ్లు కొనేటప్పుడు తను రోజూ అనే మాటే.

నోరు మూసుకుంటే తప్పు బోర్డులదవుతుంది, పని తనకుంటుంది. పైన చినాన్న మొదటి మర విప్పుతున్నాడు.

"బోర్డుల తప్పు కాదు, దిది. నేను చూశాను. చూసి కూడా వినలేదు. మా ఇంట్లో కుడి అంటే..." అంటూ కుడిచెయ్యి ఎత్తింది.

మరియదాసు నవ్విన నవ్వుకి నిచ్చెన ఊగింది. దిది మాత్రం నవ్వలేదు. ఆ చేతి వంక చూసి, "పిట్ట అటంటుంటే ఇటెందుకొచ్చావు?" అంది.

"మీరు చెప్పారు కదా."

"రేపూ రా. రేపు గేటు నంబరు రాసిస్తాను, నోరు విప్పను."

ఇంట్లో రోజమ్మ అన్నం వడ్డిస్తూ, "ఏటన్నారే?" అంది.

"రేపు రమ్మన్నారు."

"తిన్నగా ఎల్లావన్నమాట."

"లేదమ్మా. తప్పిపోయాను."

"మరెందుకు రమ్మన్నారే?"

రెజీనాకూ అదే తెలియదు. రేపు సరిగ్గా చేరితే ఉంచుకుంటారో, తప్పిపోతే ఉంచుకుంటారో! అన్నంలో పెట్టబోయిన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.