పట్టుపురుగుల కింద జాబు

మా ఆఫీసులో పక్క సీటాయన పోయిన నెల నాకొక ప్యాకెట్ తెచ్చిచ్చాడు. మల్బరీ ఆకు టీ అట, తాగితే షుగర్ తగ్గుతుందట, తిరుపతిలో సగం మంది ఇప్పుడు ఇదే తాగుతున్నారట. వద్దంటే వినే మనిషి కాదు. ఆదివారం పొద్దున పోనీలే అని వేడినీళ్ళలో వేశానో లేదో, ఆ ఆవిరి ముఖానికి కొట్టి, పచ్చి ఆకు, తడి సున్నం, వెదురు తట్టలు, పురుగుల పెంట అన్నీ కలిసిన వాసనేదో వంటగదంతా నిండిపోయింది. నిజానికి గ్లాసులో ఉన్నది ఆకు వాసన ఒక్కటే, మిగతావన్నీ నా ముక్కే కలుపుకుంది. టీ సింకులో పారబోశాను. మా ఇంట్లో వాళ్ళ మీద ఎప్పటిదో పాత కోపం మాత్రం ఆ పూటంతా నన్ను వదల్లేదు.

మాది పలమనేరు పక్కన ఒక చిన్న పల్లె. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసిన చోటు. రెండెకరాల మల్బరీ తోట, నాలుగు ఆవులు, మూడు గదుల ఇల్లు, అందులో పెద్ద గది మనుషులది కాదు, పట్టుపురుగులది. మేము ఆరుగురం మిగతా రెండు గదుల్లో కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళం, పురుగులు మాత్రం పైకప్పు దాకా వరసలు కట్టిన నలభై వెదురు తట్టల్లో హాయిగా పొర్లేవి. వాటికి పొగ పడదు, కొబ్బరినూనె వాసన పడదు, మల్లెపూలు పడవు, మిరపకాయల ఘాటు పడదు, గట్టిగా తుమ్మితే పడదు. వాటికి పడనిదేదీ మాకూ ఉండకూడదని మా అవ్వ శాసనం. గుమ్మంలో సున్నపునీళ్ళ పళ్ళెంలో కాళ్ళు తడుపుకోకుండా లోపలికి అడుగు పెడితే మల్బరీ కట్టెతో పిక్కల మీద ఒక్కటి పడేది. శుక్రవారం పూట దేవుడికి కూడా అగరొత్తి ఉండేది కాదు. "సామి ఓర్సుకుంటాడు, పురుగు ఓర్సుకోదు" అనేది అవ్వ.

అన్నిటికంటే ఘోరం జ్వరం. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు చర్మం వదులుతుంది, వదిలే ముందు మేత మాని, తల పైకెత్తి, రాయిలా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం ఒకటిన్నర రోజు పైనే ఉంటుంది. ఆ వేళ తట్ట కదిలిందంటే చర్మం సగంలో చిక్కుకుని పురుగు చస్తుంది, ఒకటి చస్తే పక్కది కుళ్ళుతుంది. అందుకని జ్వరం రోజుల్లో మా ఇంట్లో తాలింపు ఉండదు, ఆకాశవాణి ఉండదు, అచ్చనగండ్లు ఆడితే రాళ్ళ చప్పుడవుతుందని అదీ ఉండదు. రాగి సంగటి, రోట్లో నూరిన పచ్చి ఊరిబిండి, ఇంత మజ్జిగ, అంతే. ఆషాఢంలో వచ్చే ఆడికృత్తిక పండక్కు ఊరంతా వడలు, పాయసం వండుకుంటుంటే మేము మాత్రం నూనె కాగితే పురుగులకు పడదని ఊరిబిండి నాకుతూ కూర్చున్న సంవత్సరాలు నాకింకా గుర్తు.

నాకు పదేళ్ళున్నప్పుడు, అటువంటి ఒక ఆషాఢంలో కార్గిల్ యుద్ధం నడుస్తోంది. పిల్లలం మల్బరీ కట్టెలు భుజాన పెట్టుకుని గట్ల మీద యుద్ధం ఆడేవాళ్ళం, శత్రువుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోక రోజూ కొట్లాటే జరిగేది, ఆట ఒక్కసారీ పూర్తి కాలేదు. సాయంత్రం ఏడింటికి ఊళ్ళో సగం మంది ఎదురింటి కమల వాళ్ళ నడింట్లో ఆ చిన్న టీవీ ముందు కూలబడేవాళ్ళు. కమల వాళ్ళన్న మురళి సైన్యంలో ఉన్నాడు, ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు. కమలా, మా నాయన చెల్లెలు రాజి అత్తా చిన్నప్పటి నుంచీ ఒకే ప్రాణం. ఒకరి తోటలో ఆకు కోత ఉంటే రెండోవాళ్ళు పిలవకుండానే గోనెసంచి తీసుకుని దిగేవాళ్ళు. వార్తలు చదివేటప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చునేవాళ్ళు. చెల్లెలు కాబట్టి కమల ఏడవచ్చు. అత్తకు ఆ హక్కు లేదు.

ఎందుకు లేదంటే ఎవరూ నోరు తెరిచి ఏదీ అడగలేదు కాబట్టి. మురళికి అత్త అంటే ఇష్టమని ఊళ్ళో ఆవులక్కూడా తెలుసు. సెలవులో వచ్చిన ప్రతిసారీ సొంత ఇంటి పని వదిలి మా తోటలో ఆకు మోసేవాడు, సంచి అత్త తలకెత్తేటప్పుడు దాని బరువంతా తన చేతుల మీదే ఉంచుకుని అరగంట నిలబడేవాడు, ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. చివరికి మా నాయనకే విసుగొచ్చి అతని యూనిట్‌కు జాబు రాశాడు. మా రాజిని చేసుకుంటావా, లేదా, ఏదో ఒక ముక్క రాయి అని. జాబు పోయిన పదో రోజుకు యుద్ధం. జవాబు లేదు. ఈలోగా పుంగనూరు నుంచి మంచి సంబంధం వచ్చింది, వాళ్ళు తొందరపడ్డారు. శుక్రవారం వచ్చి మాట తీసుకుని పొమ్మని నాయన కబురు పంపేశాడు. నాయన ఒకసారి మాటిచ్చాడంటే ఇక దేవుడొచ్చినా తిప్పుకోడు. అబద్ధమంటే అసలే గిట్టదు, బడి ఎగ్గొట్టి, వెళ్ళానని అబద్ధం చెప్పినందుకు నా చెంప వాచిపోయేట్టు కొట్టిన మనిషి.

బుధవారం సాయంత్రం కమల వీధి దాటుకుని పరుగెత్తుకొచ్చింది. చేతిలో జాబు. అన్న క్షేమంగా ఉన్నాడు, పైగా "నాగరాజన్నకు వేరే జాబులో జవాబు రాసినా" అని కూడా రాశాడు. నాగరాజన్న అంటే మా నాయన. రెండు జాబులూ ఒకే రోజు రావాలి కదా, మీది ఏది అని అడిగితే అందరం ముఖముఖాలు చూసుకున్నాం. అవ్వ మాత్రం ఆకులు ఏరుతూ తాపీగా అంది.

"పొద్దున టపాలాయన నీలం కాగితం ఒకటి ఇచ్చినాడు. ఆపీసోళ్ళ కాగితమనుకోని తట్టలో పరిస్తి."

అవ్వకు చదువు రాదు. ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ, నా లెక్కల నోటుపుస్తకంతో సహా, పురుగుల కింద పరుపు కావడానికే పుట్టిందని ఆమె నమ్మకం. నాలుగో జ్వరానికి ముందు తట్టలన్నీ శుభ్రం చేసి కొత్త కాగితాలు పరిచింది ఆ పొద్దునే. ఏ తట్టలో అంటే తెలీదు, పురుగులన్నీ అప్పటికే జ్వరంలో ఉన్నాయి. నాయన లేచి పెద్ద గది వైపు వెళ్తే, అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఒగ తట్ట కదిలిందా, నేను ఈడనే పానం ఇడస్తా" అంది.

ఊళ్ళో ఎవరికీ తలవంచని మా నాయన గమ్మున వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నాకు మండిపోయింది. అంతకంటే మండించింది రాజి అత్త. తన బతుకంతా ఆ గదిలో ఏదో ఒక తట్టలో పురుగుల కింద నలుగుతోంటే, "వద్దులే అన్నా, పాపం పురుగులు సస్తాయి" అని చాట తీసుకుని రాగులు చెరగడానికి కూర్చుంది. పుంగనూరు వాళ్ళను వచ్చేవారం రమ్మందామని అమ్మ అంటే, పిలిచినాక వద్దంటే ఏం మర్యాద అని నాయన కసిరాడు. గురువారమంతా ఒక ఇల్లు ఇల్లంతా, ఎదురింటి కమలతో కలిపి, నిద్రపోతున్న పురుగులు ఎప్పుడు లేస్తాయా అని కూర్చుంది. అవ్వ గంటకోసారి తలుపు సందులోంచి చూసి "ఇంగా లేదు" అనేది. నేను లోపలికి దూరడానికి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ పిక్కల మీద తిన్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి పురుగులు లేచాయి. లేస్తే మాత్రం? వాటి మీద వల పరచాలి, వల మీద ఆకు వేయాలి, ఆకు తినడానికి అవి ఒక్కొక్కటే వలెక్కాలి, అప్పుడు వల ఎత్తితేనే అడుగు కాగితం బయటపడేది. తొమ్మిది అయినా అవ్వ వల ముట్టుకోనివ్వలేదు. తొమ్మిదిన్నర బస్సుకు పుంగనూరు వాళ్ళు దిగారు, అరటిపళ్ళ తట్టతో, నలుగురు. అమ్మ వాళ్ళకు కాఫీలిచ్చి, చాలక ఓళిగలు పెట్టి, అవి అయిపోతే మళ్ళీ కాఫీలిచ్చింది. లోపల అవ్వ ఎట్టకేలకు సరేనంటే అత్తా, కమలా, నేనూ వల తర్వాత వల ఎత్తుతున్నాం. పత్రిక కాగితాలు, బ్యాంకు కాగితాలు, నా లెక్కలు. చివరికి గోడ వారగా ఉన్న తట్టలో కమలకు దొరికింది.

నాయన పెరట్లోకి వచ్చి జాబు విప్పాడు. అత్తా, కమలా ఎదురుగా ఉంటే నేను ఆయన మోచేతి పక్కనే నిలబడి ఉన్నాను, బాగా చదవగల పిల్లను కూడా. పైన "నాగరాజన్నకు నమస్కారములు", అడుగున సంతకం. మధ్యలో ఒక్క అక్షరం లేదు. ఆకు చెమ్మా, సున్నమూ, పెంటా కలిసి సిరానంతా ఒక పెద్ద మరక చేసేశాయి. నాయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని ఒకసారి తిప్పి చూశాడు.

"రాజిని నేనే చేసుకుంటాను, యాడా మాటియ్యద్దు అని రాసినాడు" అన్నాడు.

నా నోరు తెరుచుకుంది. నాయన కాలు నా కాలి మీద పడి గట్టిగా నొక్కింది. కమల అత్తను వాటేసుకుని ఏడ్చేసింది. అత్త చెయ్యి చాపితే నాయన జాబు ఇవ్వలేదు, తడిసింది, ఎండబెడతానని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ముందింట్లోకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి, పిలిచినవాళ్ళకు చేతులు జోడించి క్షమించమన్నాడు. వాళ్ళు అరటిపళ్ళు కూడా వెనక్కి తీసుకుని మండిపడుతూ వెళ్ళిపోయారు. అతను వచ్చేదాకా ఈ పెళ్ళి సంగతి ఎవరూ రాయకూడదని, అక్కడ మనసు చెదరకూడదని నాయన గట్టిగా కట్టడి చేశాడు.

నాకు ఎవరికీ చెప్పే దారి లేదు. ఆ మనిషి రాకపోతే? వచ్చి కాదంటే? అత్త నవ్వుతూ ఆకు కోస్తుంటే నాయన మీద పళ్ళు నూరుకునేదాన్ని. దీపావళికి ముందు మురళి మామ వచ్చాడు. బస్టాండుకు నాయన ఒక్కడే, ఎవరినీ రానివ్వకుండా, వెళ్ళి తీసుకొచ్చాడు. మాఘంలో పెళ్ళయింది.

టీ ప్యాకెట్ పట్టుకుని పోయిన ఆదివారం మా పల్లెకు వెళ్ళాను. మల్బరీ తోట పోయి చాలా ఏళ్ళయింది, అక్కడంతా టమోటా. వెదురు తట్టలు అటక మీద కూడా లేవు, పురుగుల గదిలో పాలు పితికే మిషన్. అవ్వ లేదు, కమల హోసూరులో మనవల్ని ఆడిస్తోంది. అత్తతో పాటు ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్న మురళి మామ ప్యాకెట్ చూసి పడీపడీ నవ్వాడు. మాటల్లో ఆ జాబు సంగతి వచ్చింది.

"నేను రాసింది అది కాదు పాపా. నేను తిరిగొచ్చేది నమ్మకం లేదు, పిల్లని ఇంగో మంచి చోట ఇచ్చేయండని రాసినా" అన్నాడు, గడ్డి కత్తిరిస్తూ. "బస్టాండులో మీ నాయన టీ ఇప్పించి, 'బతికొచ్చినావు గదా, ఇప్పుడేమంటావో సెప్పు' అనె. ఇంగేమంటా!"

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ మాట అత్తకు చెప్పలేదా అని నేను అరిచాను. పాలక్యాను కడుగుతున్న అత్త తల కూడా ఎత్తలేదు.

"మర్సునాడు సొక్కా ఉతికింది ఎవురనుకుంటివి? సూస్తే ఆ జాబులో ఏమీ లేదు. మళ్ళా జోబులోనే పెట్టేస్తి."

"మరి నాలుగు నెలలు ఏం నమ్మి కాసుకోనుంటివి అత్తా?"

"అన్న సెప్పినాడు గదమ్మే" అంది.

నాకు ఒళ్ళంతా మండిపోయింది. నాయన పోయి మూడేళ్ళయింది, తిట్టడానికి కూడా లేడు.