రెండో పిలుపుకు పలికే మనిషి

మా అన్న రెండో భార్య మొదటి పిలుపుకు ఎన్నడూ పలికేది కాదు. రెండోసారి పిలిస్తేనే వచ్చేది. "చెవుల్లో ఏం పెట్టుకుని ఉండావే?" అని మా అమ్మ అరిచేది. నేనూ తక్కువ తినలేదు. నాకు ముక్కు మీదే కోపం. "మేము గొంతు చించుకుంటేగానీ వినపడదా?" అని విసుక్కునేదాన్ని. ఆమె తల వంచుకుని చెప్పిన పని చేసుకుపోయేది. పదేళ్లు ఇలాగే నడిచింది.

మాది హోసూరు పక్కన సూళగిరి దగ్గర పల్లె. తొంభైల్లో అన్న మొదటి భార్యను కర్ణాటకలోని మాలూరు వైపు నుంచి తెచ్చుకున్నాం. కన్నడం తప్ప ఇంకో మాట రాని పిల్ల. వదినా అని పిలిస్తే ముఖం చిన్నబుచ్చుకునేది. వాళ్లింట్లో అన్న భార్యను అత్తిగె అంటారు. ఆ మాట చెవిన పడితే పుట్టింట్లో ఉన్నట్టుంటుందని సగం కన్నడంలో, సగం సైగలతో నాకు చెప్పింది. అప్పుడు నాకు పదమూడేళ్లు. నాదేం పోయింది? అత్తిగే, అత్తిగే అని రోజంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. నన్ను చూసి ఇల్లంతా అదే మాట పట్టుకుంది. "మీ అత్తిగెను ముద్ద తినను రమ్మను" అని అమ్మ కూడా నాతో అనేది.

రెండేళ్లు నిండకుండానే ఆమె కామెర్లతో పోయింది. మేము పట్టుపురుగులు పెంచే గదిలో ఆమె చీర ఒకటి చాలా రోజులు దండెం మీదే ఉండిపోయింది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఏడాది తిరిగేసరికి అంచెట్టి నుంచి ఇంకో పిల్లను చేసుకున్నారు. మాలాగే తెలుగు మాట్లాడే ఇంటి పిల్ల. ఆమె గడపలో కాలు పెట్టిన రోజే నా నోట అత్తిగే అని వచ్చేసింది. ఎవరూ కాదనలేదు. నోటికి అలవాటైపోయింది, అంతే కదా అనుకున్నాం.

రెండువేల సంవత్సరం దాటాక నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో పనికి చేరాను. కొత్త మెషీన్ బిగించడానికి ఫిన్లాండ్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను ఇంటికి ఫోన్ చేసి, "అత్తిగెకు ఫోన్ ఇయ్యి" అని అమ్మతో నాలుగుసార్లు అన్నాను. ఆ మాటకు అర్థమేమిటని అతను అడిగాడు. అన్న భార్య అని, కన్నడం మాట అని, మా ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాను.

అతను చెంచా పక్కన పెట్టాడు. వాళ్లమ్మ బడిలో భాష చెప్పేదట. వాళ్ల భాషలో పెళ్లికూతురిని మోర్సియన్ అంటారట. సముద్రం అవతల ఎస్టోనియా వాళ్లది మోర్స్యా. కానీ ఆ మాట తమది కాదన్నాడు. దక్షిణాన లిథువేనియా వాళ్లకు మర్తి అంటే కోడలు, లాట్వియా వాళ్లకు మార్షా అంటే అన్నదమ్ముల భార్య. ఎన్నో తరాల కిందట అటువైపు జనం నుంచే ఆ మాట తమ వాళ్లకు వచ్చిందని పండితులు అంటారట.

"అక్కడి ఆడపిల్లలు కోడళ్లుగా వస్తూ తెచ్చి ఉంటారని మా అమ్మ అనేది," అన్నాడు. "వాళ్లెవరో ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత పుట్టిన పెళ్లికూతుళ్లందరినీ వాళ్ల మాటతోనే పిలుస్తున్నాం."

పోయిన మనిషి మాటతోనే ఇంకో మనిషిని పిలుస్తున్నది మా ఇల్లూ కదా అని అప్పుడు తట్టింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా పట్టుపురుగుల గదికి వెళ్లాను. అన్న రెండో భార్య మల్బరీ ఆకు తరుగుతోంది. గుమ్మంలో నిలబడి మెల్లగా "అత్తిగే" అన్నాను. కత్తి ఆగింది. ఆమె నావైపు చూడలేదు. ఖాళీ దండెం ఉన్న మూలకేసి చూస్తూ కూర్చుంది.

రెండోసారి పిలవలేదు. దగ్గరికి పోయి కూర్చుని, ఎందుకు పలకవని అడిగాను.

"మొదటి పిలుపు ఆయమ్మది కదమ్మా," అంది. "పలుకుతుందేమోనని చూస్తాను. పలక్కుంటే నేనొస్తాను."

"భయం లేదా నీకు?"

"వచ్చిన కొత్తల్లో ఉండె. ఇప్పుడు ఆయమ్మ ఆడుంటుంది, నేను ఈడుంటాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పేది? మీరంతా ఆయమ్మనే పిలుస్తా ఉండారు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎన్ని తిట్లు తిట్టాం తల్లీ నిన్ను! ఆ రాత్రే అమ్మకూ అన్నకూ చెప్పాను. అన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

తెల్లారి ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, అందరూ వినేలా గట్టిగా "వదినా!" అని పిలిచాను.

ఆమె వీధి వైపు తిరిగి చూసింది. ఎవరూ లేరు. "ఎవురో వచ్చినట్టుండారమ్మా," అంటూ చెంబు కింద పెట్టి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"నిన్నే వదినా," అన్నాను.

"నన్నా?" అంది.